కుడివైపు నడిచే అక్షరాలు

తెర మళ్ళీ నల్లబడింది.

నౌరెస్ కుర్చీలో వెనక్కి వాలి, "పోయింది" అంది.

పక్క బల్ల దగ్గర వజ్దీ నూనెలో వేయించిన ఫ్రికాసే రొట్టె తింటున్నాడు. వేళ్ళకంటిన హరిస్సా కారం నాక్కుంటూ, "ఈసారైనా ఏదన్నా చెప్పి పోయిందా?" అన్నాడు.

"ఎలా చెబుతుంది? ముందు పడిపోయేది నోరే కదా!"

ఆ పనిలో అసలు చిక్కు అదే. మామూలు ప్రోగ్రాంలో తప్పు జరిగితే తెరమీద నాలుగు తిట్లు పడతాయి, ఫలానా చోట కాలు జారావని తెలుస్తుంది. నౌరెస్ రాస్తున్నది ఆ తెరనే నడిపే డ్రైవర్. కంప్యూటర్‌కీ, బొమ్మ గీసే చిప్‌కీ మధ్య దుబాసీ లాంటిది. దుబాసీ ఒక్క మాట తప్పుగా చెప్పినా చిప్ బిగుసుకుపోతుంది, తెర ఆరిపోతుంది, ఏమైందని అడుగుదామంటే జవాబు చూపించాల్సిన తెరే లేదు. చీకటి గదిలో సూదిలోకి దారం ఎక్కించడమే. అందుకని ఆమె ఎవరూ వాడని పాతకాలపు సీరియల్ తీగ ఒకటి సంపాదించి, ఆ మెషీన్‌ని తన లాప్‌టాప్‌కి కట్టింది. ప్రాణం పోయేముందు మెషీన్ గొణిగే మాటలు ఆ తీగలోంచి వచ్చి లాప్‌టాప్ మీద పడతాయి. కొన్నిసార్లు సగం మాటే వస్తుంది. ఆ సగం మాట కోసమే ఆమె రోజంతా కాచుకుని కూర్చుంటుంది.

వాళ్ళిద్దరి ఆఫీసు స్ఫాక్స్ అనే రేవు ఊళ్ళో ఒక మిఠాయి కొట్టు మీద అంతస్తు. కింద బాదం, నువ్వులు వేగుతుంటే పైన కీబోర్డులక్కూడా ఆ వాసన పట్టేది. వాళ్ళ చేతికొచ్చిన పని రేవుది. కెర్కెన్నా దీవులకి మనుషుల్నీ బండ్లనీ చేరవేసే పెద్ద పడవ లూద్. అది ఎప్పుడు బయలుదేరుతుందో, ఏ గట్టు నుంచి బయలుదేరుతుందో చూపించే తెరలు రేవు హాల్లో చాలాకాలంగా గుడ్డివై ఉన్నాయి. తెరలు బాగానే ఉన్నాయి, వాటి వెనకాల పెట్టెలూ బాగానే ఉన్నాయి. పెట్టెల్లోని చిప్ తయారుచేసిన కంపెనీ మాత్రం ఎప్పుడో మూతపడింది. అది ఇచ్చిన డ్రైవర్ పాత సిస్టమ్ మీదే నడుస్తుంది, ఆ పాత సిస్టమ్ రేవులో కొత్తగా పెట్టిన టికెట్ల కంప్యూటర్‌తో మాట్లాడదు.

"పెట్టెలు పారేసి కొత్తవి కొనండి" అని అందరూ చెప్పారు. నౌరెస్ ఒక్కతే, "ఉచితంగా దొరికే సిస్టమ్ ఎక్కించి, డ్రైవర్ నేనే రాస్తాను" అంది. అన్న తర్వాత గాని తెలియలేదు, ఆ చిప్ గురించి ప్రపంచంలో ఎక్కడా ఒక్క పేజీ కాగితం కూడా లేదని.

కాగితం లేకపోతే ఏం, చిప్ ఉంది కదా అనుకుంది. చిప్ లోపల చిన్నచిన్న అరలుంటాయి. ఏ అరలో ఏ అంకె వేస్తే ఏం జరుగుతుందో అదే దాని భాష. పాత డ్రైవర్‌ని పాత సిస్టమ్ మీద నడిపించి, అది ఏ అరలో ఏం వేస్తోందో దొంగచాటుగా చూసింది. తర్వాత తను ఒక్కో అంకే మార్చి వేసి చూసింది. ఒకటి మారిస్తే తెర వణికింది. ఇంకొకటి మారిస్తే బొమ్మ ఏటవాలుగా జారి, తిరగలి తిరిగినట్టు తిరిగింది. మరొకటి మార్చేసరికి పెట్టెలోంచి సన్నగా కీచుమని చప్పుడు వచ్చింది. వజ్దీ ఎగిరి గంతేసి ప్లగ్గు పీకేశాడు.

"నువ్వు దాన్ని చంపేస్తావు నౌరెస్!"

"చావదు, చక్కిలిగింతలు పెట్టానంతే."

ఆ రోజు, వజ్దీ చేతిలోని ఫ్రికాసే పూర్తికాకుండానే, సీరియల్ తీగలోంచి మొదటిసారి పూర్తి వాక్యం ఒకటి వచ్చింది. తెరకి మెమరీలో కేటాయించిన చోటు తప్పని దాని సారాంశం. నౌరెస్ ఒక అంకె దిద్దింది. మెషీన్ మళ్ళీ మొదలైంది. తెర నల్లగా ఉంది, నల్లగానే ఉంది, తర్వాత పైనుంచి కిందికి పరదా దించినట్టు బొమ్మ దిగింది. పరీక్ష కోసం పెట్టుకున్న ఫోటో అది. వజ్దీ సముద్రం ఒడ్డున ఆక్టోపస్ పట్టుకుని పళ్ళికిలిస్తున్నాడు. మనిషి మాత్రం నిలువెల్లా నీలం. చేతిలో ఆక్టోపస్ కూడా నీలమే. వెనకాల సముద్రం నారింజ రంగు.

"వచ్చింది! వజ్దీ, వచ్చిందిరా!" అని నౌరెస్ కుర్చీ ఎక్కి గెంతింది.

"నాకేమిటీ జబ్బు? చచ్చి మూడు రోజులైన శవంలా ఉన్నాను."

"ఎరుపూ నీలం తారుమారయ్యాయి అంతే, అదెంతసేపు! ఇలాగే బావున్నావు, ఉంచేయనా?"

ఇద్దరూ గెంతుతుంటే కింద మిఠాయి కొట్టాయన చీపురు కర్రతో పైకప్పు పొడిచాడు. నౌరెస్ కాలితో నేల తన్ని జవాబిచ్చింది.

ఆ డ్రైవర్‌ని ఆమె ఎస్తోనియాలో ఉండే రైవో అనే ఆయనకి పంపింది. ఆ ఉచిత సిస్టమ్‌లో తెర డ్రైవర్లన్నిటికీ కాపలాదారు ఆయన. ఎవరు రాసిందైనా ఆయన చదివి ఔననాలి. మొహమాటం తెలియని మనిషి. "పనిచేస్తోంది, సంతోషం. కానీ మీరు అరల్లో అంకెలు వేసే వరుస సంత రోజు బజారులా ఉంది. అరల నంబర్ల ప్రకారం శుభ్రంగా సర్దండి" అని రాశాడు. నౌరెస్‌కి చెంప ఛెళ్ళుమన్నట్టయింది, కానీ సర్దింది. సర్దాక తనకే ముచ్చటేసింది. రైవో ఒప్పుకున్నాడు.

పండగ ముందురోజు పొద్దున్నే ఇద్దరూ పెట్టెలు పట్టుకుని రేవుకి వెళ్ళారు. బక్రీదుకి ఇంటికెళ్ళే కెర్కెన్నా జనమంతా అక్కడే ఉన్నారు. సంచులు, చుట్టిన తివాచీలు, పిల్లలు, తాళ్ళకి కట్టిన పొట్టేళ్ళు. రేవు హాలు మేనేజరు సీ నూరీ, అంటే నూరీ గారు, మైకులో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని, గాలి పోయిన ట్యూబులా మాట్లాడుతున్నాడు.

"తెచ్చావా తల్లీ? ఇవాళ నీ తెరలు పనిచేయకపోతే నేను సైగలు చేయాల్సొస్తుంది."

పెట్టెలు బిగించారు. తెరలు వెలిగాయి. ముందు ఫ్రెంచిలో వచ్చింది, లూద్ బయలుదేరే వేళలు, గట్టు నంబరు. కింద ఒక వరుసలో ప్రకటన నెమ్మదిగా ఎడమవైపుకి జారుతోంది, వెన్నలా. జనం తలలెత్తి చూశారు. ఎవరో ఈల వేశారు. నౌరెస్ గుండె గాలిపటంలా లేచింది.

తర్వాత అరబీ వంతు వచ్చింది.

అరబీ కుడినుంచి ఎడమకి చదువుతారు కాబట్టి ప్రకటన కుడివైపుకి జారాలి. మొదటి అక్షరం ఎడమ అంచున తొంగిచూసింది. ఒక్క అడుగు వేసింది. అంతే, అడ్డంగా సాగిపోయింది. దాని వెనకొచ్చిన అక్షరం కూడా సాగింది. కాసేపటికి వరుసంతా ఎవరో తడి సున్నం మీద చేత్తో రుద్దేసినట్టు అలికిపోయింది.

"కెర్కెన్నాకి బదులు నూడుల్స్ వచ్చాయేమిటి?" అన్నాడు జనంలో ఒకడు. హాలంతా నవ్వింది.

నౌరెస్ చెవులు ఎర్రబడ్డాయి. సీ నూరీ ఆమె వైపు చూశాడు. ఉన్న కాస్త గొంతూ ఖర్చుపెట్టకుండా కళ్ళతోనే అడిగాడు.

"ఫ్రెంచి మాత్రం ఉంచేద్దాం" అని వజ్దీ గొణిగాడు. "పండగయ్యాక చూసుకోవచ్చు."

సీ నూరీకి ఆ గొణుగుడు వినబడింది. "ఆ పొట్టేలు పట్టుకుని కూర్చున్న పెద్దావిడని చూడు. ఆవిడకి ఫ్రెంచిలో చెబుతావా నువ్వు? చెప్పు, వెళ్ళి చెప్పు!"

వజ్దీ తల దించుకున్నాడు.

"నాకు మధ్యాహ్నం దాకా టైమివ్వండి సీ నూరీ" అంది నౌరెస్. అవమానం అప్పటికే పోయింది. దాని చోట ఇంకేదో వచ్చింది, వేటగాడికి పొదలో ఆకు కదిలినప్పుడు వచ్చేది. ఎడమకి జారితే బాగుంది, కుడికి జారితే అలికిపోతోంది. ఒకే చిప్, ఒకే డ్రైవర్, ఒకే వరుస. ఎందుకు?

హాల్లోనే ఒక బెంచీ మీద కూర్చుని, ఒక పెట్టెకి సీరియల్ తీగ తగిలించి, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. అలుకు ఎందుకు పడుతుందో ఆమెకి తెలుసు. బెంచీ మీద వరుసగా కూర్చున్నవాళ్ళంతా కుడివైపుకి ఒక్కో చోటు జరగాలంటే కుడి చివర మనిషి ముందు లేవాలి. ఎడమ చివర మనిషి ముందు జరిగితే పక్కవాడి ఒళ్ళో కూర్చుంటాడు. తెరమీది చుక్కలు కూడా అంతే. కుడికి జరిపేటప్పుడు కుడి చివర నుంచి మొదలుపెట్టమని చిప్‌కి చెప్పాలి. డ్రైవర్ ఆ మాట చెబుతూనే ఉంది. దిక్కు చెప్పే అరలో సరైన అంకె పడుతూనే ఉంది. ఆమె చదివి చూసింది, వజ్దీ చదివి చూశాడు. తప్పు లేదు.

రైవోకి రాసింది. వెంటనే జవాబొచ్చింది. "నా దగ్గర అదే చిప్ ఉంది. ప్రకటన హాయిగా జారుతోంది. మీ తెర తీగ సరిచూసుకోండి."

"తెర తీగ!" అని వజ్దీ పళ్ళు నూరాడు. "తీగకి అరబీ అంటే గిట్టదా?"

నౌరెస్ మాత్రం ఆ జవాబుని రెండుసార్లు చదివి, ఒక్క ముక్క రాసి పంపింది. "దాన్ని కుడివైపుకి జారించి చూశారా?"

ఈసారి జవాబు రావడానికి కాస్త సమయం పట్టింది. వచ్చింది మాత్రం కేక వేసినట్టుంది. "అయ్యో! ఇక్కడ కూడా అలికిపోయింది! ఈ సిస్టమ్‌లో ఇన్నేళ్ళుగా ఎవరమూ కుడివైపుకి జారించి చూడలేదు. నేను భోజనం మానేసి దీనిమీదే కూర్చుంటున్నాను. ఎవరు ముందు కనుక్కుంటారో చూద్దాం!"

నౌరెస్ కళ్ళు మెరిశాయి. "వజ్దీ, పందెం!"

ఆమె చిన్న పరీక్ష ప్రోగ్రాం రాసింది. తెరమీద కొన్ని వరుసల అక్షరాలు, ఎంటర్ నొక్కితే ఒక్కో వరుస కుడికి జరగాలి. నొక్కింది. మొదటి వరుస అలికిపోయింది. డ్రైవర్లో ఏదో మార్చి మళ్ళీ మొదటినుంచి నడిపించింది. అలికిపోయింది. ఇంకోటి మార్చింది. అదీ అలుకే. ఒక మార్పుకి తెర పూర్తిగా ఆరిపోయింది, సీరియల్ తీగ ఏదో గొణిగింది, పెట్టె ఆపి మళ్ళీ వెలిగించాల్సి వచ్చింది. బయట గాలి లేచింది. హాలు తలుపులు టపటపా కొట్టుకుంటున్నాయి.

బెంచీ పక్కన ఆ పొట్టేలు పెద్దావిడ కూర్చుంది. పేరు మబ్రూకా. కాసేపు నౌరెస్ చేతుల వైపు చూసి ఊరుకోలేక అడిగింది.

"ఏం చేస్తున్నావమ్మా అంత కోపంగా?"

"కోపం కాదు పిన్నీ. డ్రైవర్ రాస్తున్నాను."

"డ్రైవరా? పడవకా?"

"కాదు పిన్నీ, ఆ తెరకి."

"తెర గోడకే ఉంది కదే, ఎక్కడికి నడుపుతావు దాన్ని?"

వజ్దీ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకి పొట్టేలు బెదిరింది. తాడు లాక్కుని, కొమ్ములు వంచి, అందిన చోట పొడిచింది. అందింది నౌరెస్ మోచెయ్యి. ఆమె వేళ్ళు ఎంటర్ మీద పడి టకటకా నొక్కేశాయి.

"అయ్యో అయ్యో, ఓరి దరిద్రుడా!" అని మబ్రూకా పొట్టేలుని చెవి పట్టుకుని లాగింది. "దెబ్బ తగిలిందా తల్లీ?"

నౌరెస్ తెర వైపు నోరు తెరుచుకుని చూస్తోంది. మొదటి వరుస ఎప్పట్లాగే అలికిపోయింది. రెండో వరుస మాత్రం శుభ్రంగా, గీత చెదరకుండా కుడికి జరిగి కూర్చుంది. మూడోదీ అంతే.

"వజ్దీ. చూడు."

"ఏమిటి? రెండోది బాగుందా?"

"మూడోదీ బాగుంది! మొదటిది పాడవగానే ఆపేసి మళ్ళీ మొదలుపెడుతూ వచ్చాను. ఇంతసేపూ రెండోది నొక్కనేలేదు!"

"అయితే ఏమైనట్టు? మొదటిసారి దిక్కు వినబడదు, రెండోసారి వినబడుతుందా?"

"వినబడుతుంది, కానీ ఆలస్యంగా!" నౌరెస్ లేచి నిలబడింది. లాప్‌టాప్ జారబోతే మబ్రూకా పట్టుకుంది. "చోటు చెప్పే అర ముందుంది, దిక్కు చెప్పే అర తర్వాత ఉంది. చోటు చెప్పగానే చిప్ అప్పటిదాకా తనకి తెలిసిన దిక్కుతోనే లెక్క వేసేసుకుంటోంది. మనం తర్వాత చెప్పిన దిక్కు ఈసారికి పనికిరాదు, వచ్చేసారికి పనికొస్తుంది. ప్రకటనలో జరిపిన ప్రతిసారీ కొత్త అక్షరం గీస్తాం కదా, గీసినప్పుడల్లా దిక్కు మళ్ళీ ఎడమకి మారిపోతుంది. అందుకే ప్రతి అడుగూ అలుకే!"

"అంటే దిక్కు ముందు చెప్పాలి."

"దిక్కు ముందు, చోటు తర్వాత. పాత డ్రైవర్ అలాగే చేసేది. నేనూ మొదట అలాగే రాశాను. నంబర్ల వరుసలో సర్దింది తర్వాత!"

"సంత బజారే నయమన్నమాట" అన్నాడు వజ్దీ.

నౌరెస్ ఒక వాక్యాన్ని పైకి జరిపింది. చేర్చింది లేదు, తీసింది లేదు, కింది వాక్యం పైకెక్కింది, అంతే. పెట్టె మళ్ళీ వెలిగించింది. ఎంటర్ నొక్కింది. మొదటి వరుస నడిచింది. రెండోది నడిచింది. నౌరెస్ వజ్దీ భుజం మీద గుద్దింది, మబ్రూకా నుదుటిమీద ముద్దు పెట్టింది, పొట్టేలుని కూడా కావలించుకోబోతే అది మళ్ళీ కొమ్ములు వంచింది.

సరిగ్గా అప్పుడు సీ నూరీ ఆఫీసు గదిలోంచి పరుగున వచ్చాడు. గొంతు పూర్తిగా పోయినట్టుంది, గాలే బయటికొస్తోంది. "గాలి పెరుగుతోంది... కెప్టెన్ ఇప్పుడే బయలుదేరాలంటున్నాడు... రెండో గట్టు నుంచి, మొదటిది కాదు... దీని తర్వాత పండగ వెళ్ళేదాకా పడవ లేదు... ఎలా చెప్పను వీళ్ళకి?"

హాల్లో మొదటి గట్టు తలుపు దగ్గర బారులు తీరిన జనం వైపు చెయ్యి చూపించాడు. కొందరు నేలమీద తివాచీ పరిచి టీ కాచుకుంటున్నారు.

"టైప్ చెయ్యండి" అంది నౌరెస్.

"పనిచేస్తుందా?"

"మీరు టైప్ చెయ్యండి సీ నూరీ!"

వజ్దీ పరిగెత్తి తక్కిన పెట్టెల్లో కొత్త డ్రైవర్ ఎక్కించాడు. సీ నూరీ కూర్చుని, రెండు వేళ్ళతో, పెదవులు కదుపుకుంటూ అక్షరం అక్షరం కొట్టాడు. తెరలన్నీ ఒక్కసారి నల్లబడ్డాయి. నౌరెస్‌కి ఆ నలుపు కొత్త కాదు. మళ్ళీ వెలిగాయి.

ఎడమ అంచున మొదటి అక్షరం తొంగిచూసింది. అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. దాని వెనక రెండోది, మూడోది, చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు, నిండుగా, నల్లగా, ఎక్కడా చెదరకుండా కుడివైపుకి నడిచాయి. జనంలో ఒకావిడ పైకి చదివింది. పక్కాయన అందుకున్నాడు. కాసేపట్లో హాలు సగం ఒకే గొంతుతో చదువుతోంది. "కెర్కెన్నా లూద్... ఇప్పుడే... రెండో గట్టు... ఇదే ఆఖరిది..."

ఆఖరిది అన్న మాట పడగానే హాలు లేచింది. టీ కుండ దొర్లింది, తివాచీలు భుజాలకెక్కాయి, పొట్టేళ్ళన్నీ ఒక్కసారి అరిచాయి.

"నా సంచీ! సంచీ అక్కడ పెట్టాను!" అని మబ్రూకా తాడు నౌరెస్ చేతిలో కుక్కి, జనంలోకి దూరింది.

"పిన్నీ! పిన్నీ, ఆగండి!"

ఎవరాగుతారు? పొట్టేలు తోటి పొట్టేళ్ళ వెనక పరుగందుకుంది. ఒక చేత్తో లాప్‌టాప్, ఇంకో చేత్తో తాడు, వెనక జనం. నౌరెస్ కాళ్ళు నేలకి ఆనాయో లేదో ఆమెకే తెలియదు. తెలివొచ్చేసరికి కాలికింద ఇనుము కదులుతోంది. లూద్ తలుపు గొలుసుల చప్పుడుతో పైకి లేస్తోంది. గట్టుమీద వజ్దీ రెండు చేతులూ తలమీద పెట్టుకుని నిలబడ్డాడు.

ఫోన్ మోగింది.

"ఎక్కడికే?"

"కెర్కెన్నాకి అనుకుంటా."

"తిరిగి రావడానికి పడవ లేదు! పండగ వెళ్ళేదాకా లేదు!"

"తెలుసు, నేనే కదా ప్రకటించింది. మా అమ్మకి నువ్వే చెప్పు."

"నేను చెప్పను, చంపేస్తుంది!"

"నీలం రంగు శవంలా ఉన్న ఫోటో చూపించు, దాంతో సరిపెట్టుకుంటుందిలే" అని పెట్టేసి, రేవు గోడలు దాటకముందే, సిగ్నల్ ఉండగానే, ఒక తివాచీ చుట్ట మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. తాడు మోకాలి కింద అదిమిపెట్టుకుంది. జరిపిన ఆ ఒక్క వాక్యాన్నీ, ఎందుకు జరపాలో రెండు ముక్కల్లో రాసి, రైవోకి పంపింది. పడవ ఊగుతోంది, చినుకులు తెరమీద పడుతున్నాయి, ఆమె చేత్తో తుడుచుకుంటూ చూస్తోంది.

జవాబు వచ్చింది. "మీరే గెలిచారు. నేను ఇంకా దిక్కు అర దగ్గరే ఉన్నాను. సర్దమన్న సలహా నాదే, క్షమించండి. ఇది ఇప్పుడే కలుపుతున్నాను. ఎలా కనిపెట్టారు?"

నౌరెస్ పొట్టేలు వైపు చూసింది. అది తివాచీ అంచు నములుతోంది. నిజం రాస్తే ఆయన నమ్మడని తోచి, ఇలా రాసింది: "ఒకరు మోచెయ్యి పొడిచారు."

"ఇదిగో, ఇక్కడుందీ!" అని మబ్రూకా సంచీ మోసుకుంటూ, చున్నీ గాలికి ఎగురుతుంటే జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "నా పొట్టేలుని ఎత్తుకుపోతున్నావనుకున్నానే!"

"అదే నన్ను ఎత్తుకొచ్చింది పిన్నీ."

మబ్రూకా ఆమెనీ, లాప్‌టాప్‌నీ, వెనక చిన్నదైపోతున్న రేవునీ మార్చి మార్చి చూసింది. "మీవాళ్ళెవరైనా ఉన్నారా కెర్కెన్నాలో?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేకపోవడమేమిటి, మేం లేమూ! ఆ పెట్టె మూసి సంచిలో పెట్టు, తడిసిపోతుంది. మా కోడలు బార్లీ రొట్టె చేస్తుంది, తిని చూద్దువుగాని."

గాలి పెద్దగా వీచింది. లూద్ ముక్కు అల మీదికి లేచింది, పొట్టేళ్ళూ పిల్లలూ ఒక్కసారి కేకపెట్టారు. నౌరెస్ కూడా వాళ్ళతో కలిసి గొంతెత్తి కేకపెట్టింది.